తండేలు దిగిన పడవ

కొత్తరేవు, డిగ్లీపూర్ తహసీలు,
18 జనవరి 1976.

అన్నయ్యకు, దయావతి వందనాలు.

ముందు సంతోషమైన మాట. చెప్పడానికి భయంగా ఉంది, అయినా నీకు చెప్పకుండా ఉండలేను. నాకు మూడో నెల. జులై చివరి వారమని డిగ్లీపూర్ ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పింది. మొదటి బిడ్డ ఇక్కడే మంత్రసాని చేతిలో పోయింది. రెండోసారి మీ ఇంటికి వద్దామని పోర్ట్ బ్లెయిర్ ఓడ ఎక్కాను, ఆ ఓడలోనే పోయింది. అందుకని ఈసారి దూర ప్రయాణం పెట్టుకోవద్దని గట్టిగా అంది. "జూన్ ఆఖరుకి వచ్చి నా కళ్ళ ముందు ఉండు. ఈలోగా నొప్పి వస్తే ఏ పూటయినా సరే వెంటనే తీసుకురావాలి. కోసి తీస్తేనే బిడ్డ దక్కుతుంది. ఆలస్యమైతే నా చేతిలోనూ ఏమీ ఉండదు" అంది.

మా ఊరికి రోడ్డు లేదని నీకు తెలుసు. ఏరియల్ బే జెట్టీకి సముద్రం మీదే వెళ్ళాలి, అక్కడి నుంచి డిగ్లీపూర్‌కు జీపు. తెడ్ల పడవ మీద పూట పడుతుంది, వానాకాలం అలల్లో అదీ కుదరదు. అయితే దేవుడి దయవల్ల మా మత్స్యకారుల సంఘానికి ప్రభుత్వం ఒక ఇంజను పడవ ఇచ్చింది. ఇక్కడివాళ్ళు దాన్ని డుంగీ అంటారు. ఊరి పద్నాలుగు గడపలకూ అదొక్కటే. దాని ఇంజను చూసే పని మీ బావగారికి అప్పగించారు.

ఇప్పుడు తగవు ఏమిటంటే, ఆ పడవను ఎవరి మాట మీద నీళ్ళలోకి దించాలి? సంఘానికి నియమావళి రాసి ఈస్టరులోపు ఇమ్మని సహకార శాఖ వాళ్ళు అడిగారు. బడి పంతులమ్మనని రాసే పని నా మీద పెట్టారు. అప్పలకొండ గారి పక్షం వాళ్ళు, "ఊరంతా సేతులెత్తి ఒక్కణ్ణి ఎన్నుకోవాల. మూడేళ్ళు ఆడిదే మాట. మజ్జిలో ఎవుడూ దింపకూడదు. రోజుకో తండేలు మారితే పడవ ఏ ఒడ్డుకి సేరద్ది?" అంటారు. తండేలంటే పడవకు పెద్ద అని నీకు చెప్పనక్కరలేదు, తాతయ్య చేసిన పని అదే కదా. సత్యారావు గారి పక్షం వాళ్ళు, ఐదుగురి కమిటీ ఉండాలి, ఆ కమిటీ తనలో ఒకరిని అధ్యక్షుడిగా పెట్టుకోవాలి, నచ్చకపోతే ఏ రోజైనా దింపాలి అంటారు. వాదన ముదిరిపోతుంటే చేపలు ఎండబెడుతున్న కాసులమ్మ లేచి, "మొగుణ్ణి ఎలాగూ మార్సుకోలేం. పెసిడెంటునైనా మార్సుకోనియ్యండి బాబూ!" అంది. అందరూ నవ్వారు, తగవు మాత్రం తెగలేదు.

నువ్వు ఇరవై ఏళ్ళుగా కాలేజీలో చెబుతున్న పాఠం ఇదే కదా అన్నయ్యా. రెండింటిలో ఏది మంచిదో, నా సంగతి కూడా మనసులో పెట్టుకుని చెప్పు.

ఎలీసబెతు వదినకు నా ప్రేమ.

నీ చెల్లెలు,
దయావతి.


డిగ్నాబాద్, పోర్ట్ బ్లెయిర్,
9 ఫిబ్రవరి 1976.

చిరంజీవి దయావతికి, అన్నయ్య కృపానందం దీవెనలు.

నీ ఉత్తరంలో మొదటి పేరా మీ వదిన మూడుసార్లు చదివించుకుంది. ఇద్దరమూ ప్రార్థన చేసి, ఆ తర్వాతే మిగతాది చదివాము.

నీ ప్రశ్నకు తొందరపడకుండా జవాబు రాస్తాను. రెండు పద్ధతుల తేడా అంతా ఒక్క ప్రశ్నలో ఉంది. ఈ రోజు అధికారంలో ఉన్నవాడు రేపు ఉదయం కూడా అధికారంలో ఉండాలంటే ఎవరి అనుమతి కావాలి? అధ్యక్ష పద్ధతిలో ఎవరి అనుమతీ అక్కరలేదు. ప్రజలు ఒక గడువుకు నేరుగా ఎన్నుకున్నారు. ఘోరమైన నేరం రుజువైతే తప్ప గడువు తీరేదాకా అతడే. శాసనసభకు అతని మీద కోపం రావచ్చు, కానీ ఆ కోపంతో అతన్ని దింపలేదు. పార్లమెంటరీ పద్ధతిలో ప్రధానమంత్రికి ప్రతి ఉదయమూ సభ విశ్వాసం కావాలి. అది పోయిన రోజున పదవి పోతుంది. నేరం చేయనక్కరలేదు, నమ్మకం పోతే చాలు.

ఇందువల్ల మొదటి పద్ధతికి నిలకడ ఎక్కువ, జవాబుదారీ తక్కువ. రెండోదానికి జవాబుదారీ ఎక్కువ, నిలకడ తక్కువ. మొదటిదానిలో చెడ్డవాడు వస్తే గడువు దాకా భరించాలి. రెండోదానిలో మంచివాడు వచ్చినా నిలుస్తాడన్న హామీ లేదు. రెండు లాభాలూ కలిపి ఇచ్చే పద్ధతిని ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. దేశం మొత్తానికే అధ్యక్ష పద్ధతి తేవాలన్న చర్చ పత్రికల్లో నడుస్తున్నది కనుక, మీ ఊరివాళ్ళు కాలానికి వెనకబడి లేరు.

ఒక విషయం గమనించావా? ఈ ద్వీపాలలో ఉన్న మనం ఈ రెండింటిలో దేని కిందా లేము. మనల్ని పాలించే చీఫ్ కమిషనర్‌ను రాష్ట్రపతి నియమిస్తారు. ఆయనను నిలబెట్టి అడిగే శాసనసభ మనకు లేదు. ఢిల్లీ సభకు ఒక్క సభ్యుణ్ణి పంపుతాము, ఆయనను మనం ఎన్నుకోవడం కూడా తొమ్మిదేళ్ళుగానే. కనుక తమ మీద ఉండే అధికారం ఏ రూపంలో ఉండాలో తామే కూర్చుని ఎంచుకుంటున్న వాళ్ళు మీ పద్నాలుగు గడపలవాళ్ళే. ఈ మాట అప్పలకొండ గారికి చెప్పు, సంతోషిస్తారు.

ఇక నా సలహా. చిన్న ఊరు, ఒక్క పడవ. ఆ పడవ ఒక్క మనిషి గుప్పిట్లో మూడేళ్ళు ఉండటమే ఇక్కడ పెద్ద ప్రమాదం. నీకు అవసరమైన రోజున ఆ మనిషికి బావగారి మీద కోపం ఉంటే? అందుచేత కమిటీ పద్ధతినే రాశాను. ముసాయిదా దీనితో జతపరిచాను. రోగులకు, గర్భిణులకు పడవ ఇవ్వడానికి అధ్యక్షుడి ఒక్క మాట చాలునని, వేట కంటే అదే ముందని ఐదో నియమంలో పెట్టాను. అది నీ కోసం.

నేను ఈ సంవత్సరం ఆ అధ్యాయం క్లాసులో చెప్పడం లేదు. అందుకేనేమో నీకు ఇంత పొడుగు ఉత్తరం రాశాను.

ఆశీస్సులతో,
కృపానందం.


కొత్తరేవు,
14 మార్చి 1976.

అన్నయ్యా,

నీ ముసాయిదా నిన్న సభలో చదివాను. సభ అంటే చర్చి వరండా. ఒక పక్క మన విశ్వాసులు, ఒక పక్క గంగమ్మకు మొక్కేవాళ్ళు, మధ్యలో నా బల్ల. నూకయ్య తాత ఊరికి పెద్ద. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడనుకున్నాం గానీ ఐదో నియమం దగ్గర "అది మళ్ళీ సదువమ్మా" అన్నాడు. చదివాను. "బాగుంది. తల్లీబిడ్డ తరవాతే సేపలు" అన్నాడు. ఆ మాటతో సగం తగవు తీరింది.

కాసులమ్మ మాత్రం వదల్లేదు. "దయమ్మా, పెసిడెంటు సెప్తే పడవ కదుల్తాది. సరే. మరి ఆ పెసిడెంటునే దింపీసినారనుకో. ఇంకోణ్ణి ఎక్కించేదాకా ఎవుడు సెప్తాడు?"

"ఇంకొకరిని ఎన్నుకుంటారు కదా" అన్నాను.

"అదే, ఎన్నుకునేదాకా? మనోళ్ళు పెళ్ళికి ముహూర్తం పెట్టడానికే మూడు అమాస్యలు సూస్తారు!"

"అరే దీదీ, ఇంకా ఎక్కనోణ్ణి అప్పుడే దింపేస్తన్నావేటి? పహలే బనానే దో, ముందు ఎక్కనీ!" అని అప్పలకొండ గారి పక్షపు నూకన్న అరిచాడు. మళ్ళీ నవ్వులు. ఆ మాట అక్కడితో పోయింది. కానీ అన్నయ్యా, నాకు పోలేదు. ముసాయిదా అంతా వెతికాను. అధ్యక్షుణ్ణి దింపడం గురించి ఉంది, కొత్తవాణ్ణి ఎన్నుకోవడం గురించి ఉంది. మధ్య రోజుల గురించి ఏమీ లేదు. నువ్వు మరిచిపోయే మనిషివి కావు కనుక ఏదో కారణం ఉంటుందని అనుకుంటున్నాను. నియమావళి ఈస్టరు ముందు డిగ్లీపూర్ పంపాలి. రాయవలసింది ఉంటే వెంటనే రాయి.

కమిటీకి సత్యారావు గారు, అప్పలకొండ గారు, నూకన్న, గణేశ్వరరావు గారు, మన ఇంటి నుంచి ఆయన. సత్యారావు గారిని అధ్యక్షుణ్ణి చేశారు. ఇంజను తిప్పే ఇనుప హ్యాండిలు ఆయన ఇంట్లో ఉంటుంది. అది లేకుండా ఇంజను పలకదు.

నా ఆరోగ్యం బాగుంది. బిడ్డ కదులుతున్నట్టు రెండు రోజులుగా అనిపిస్తోంది. ఆయనకు ఇంకా చెప్పలేదు, భ్రమ అవుతుందేమోనని. నీకే ముందు చెబుతున్నాను.

దయావతి.


డిగ్నాబాద్,
30 మార్చి 1976.

చిరంజీవి దయావతికి,

కాసులమ్మ గారికి నా నమస్కారాలు చెప్పు. మూడేళ్ళు చదివిన నా విద్యార్థులు అడగని ప్రశ్న ఆమె అడిగింది.

అయినా నువ్వు కంగారు పడనవసరం లేదు. పదవి కోల్పోయిన మంత్రివర్గం, కొత్తది ఏర్పడేదాకా రోజువారీ పనులు చూస్తూనే ఉంటుంది. పెద్ద నిర్ణయాలు తీసుకోదు, అంతే. ప్రభుత్వం లేని క్షణమంటూ ఉండదు. ఇది ఎక్కడా రాసి ఉండదు. పార్లమెంటరీ పద్ధతిని నిలబెట్టేవి రాసిన నియమాలకన్నా ఇలాంటి రాయని ఆనవాయితీలే. వాటిని రాస్తూ పోతే అంతు ఉండదు, రాయకపోయినా మనుషులు పాటిస్తారు. మీ ఊళ్ళోనూ అంతే. దిగిపోయినవాడే కొత్తవాడు వచ్చేదాకా చూస్తాడు. ఎవరైనా అడిగితే ఈ ఉత్తరం చూపించు. నియమావళిలో చేర్చనక్కరలేదు, ఉన్నది ఉన్నట్టే పంపించు.

మీ వదిన నిన్న గోల్ ఘర్ బజారుకు వెళ్ళి నీలం రంగు ఫ్లానల్ గుడ్డ కొన్నది. మగపిల్లవాడని ఆమె నమ్మకం. వచ్చే ఓడకు పంపుతాము.

ఆ కదలిక భ్రమ కాదు. బావగారికి చెప్పు.

కృపానందం.


కొత్తరేవు,
20 మే 1976.

అన్నయ్యా,

గుడ్డ అందింది. ఎంత మెత్తగా ఉందో! పెట్టెలో పెట్టి, మళ్ళీ తీసి చూసి, మళ్ళీ పెడుతున్నాను. కదలిక సంగతి నీ ఉత్తరం అందిన రోజే ఆయనకు చెప్పాను. చెయ్యి పెట్టి చూసి బయటికి వెళ్ళిపోయి, పడవ ఇంజను మొత్తం విప్పి శుభ్రం చేసుకుని సాయంత్రానికి వచ్చాడు. ఆయన సంతోషం అలా ఉంటుంది.

ఊళ్ళో మాత్రం గాలి బాగోలేదు. వానల్లో వేట ఎలాగూ ఉండదని, సత్యారావు గారు పడవను ఒక కలప కాంట్రాక్టరుకు ఇస్తానని మాట ఇచ్చారు. దుంగలు లాగడానికట. జూన్, జులై రెండు నెలలూ పడవ దూరంగా మడ అడవుల పాయల్లో ఉంటుంది. కమిటీని అడగలేదు. నేను వెళ్ళి ఐదో నియమం గుర్తు చేశాను. ఆయన చెడ్డవాడు కాదు అన్నయ్యా. కూర్చోబెట్టి కొబ్బరినీళ్ళు ఇచ్చి, "నీకు జులై ఆఖరు కదమ్మా. జూన్ ఆఖరుకే డిగ్లీపూర్ ఎల్లిపోతావు కదా. నిన్ను దింపడానికి ఒక్క రోజు పడవ తెప్పిస్తాను, నా పూచీ" అన్నాడు. "ఈలోగా నొప్పులు వస్తే?" అంటే, "అపశకునం మాటలాడకు తల్లీ" అన్నాడు.

అప్పలకొండ గారు అవిశ్వాసం పెడతానంటున్నారు. నూకన్న ఆయన వైపు. గణేశ్వరరావు గారు సత్యారావు గారి వైపు. మన ఇంట్లో ఆయన ఏ వైపో నాకు చెప్పడం లేదు. అడిగితే ఇంజను గురించి మాట్లాడుతున్నాడు.

దింపడమే మంచిదా అన్నయ్యా? నువ్వు చెప్పినట్టు నమ్మకం పోయిందంటే దింపవచ్చు కదా.

దయావతి.


డిగ్నాబాద్,
6 జూన్ 1976.

చిరంజీవి దయావతికి,

నీ ఉత్తరం ఆలస్యంగా ఇప్పుడే అందింది. రేపటి ఓడకు అందాలని తొందరగా రాస్తున్నాను.

దింపవచ్చు. కానీ ఇలా దింపవద్దు. దింపడానికి ముగ్గురు కలవడం సులభం, ఎక్కించడానికి అదే ముగ్గురు కలవడం కష్టం. ఈ చిక్కు అనుభవించిన జర్మనీవాళ్ళు, యుద్ధం తరువాత తమ రాజ్యాంగంలో ఒక నియమం పెట్టుకున్నారు. కొత్తవాడి పేరు చెప్పి అతన్ని ఎన్నుకుంటే తప్ప పాతవాణ్ణి దింపడానికి వీల్లేదు. రెండూ ఒకే ఓటుతో జరగాలి. అప్పలకొండ గారికి ఇది వివరంగా చెప్పు. కావాలంటే నియమంగా చేర్చుకోండి. అప్పటిదాకా సభ వాయిదా వేయించు.

నువ్వు జూన్ ఆఖరుదాకా ఆగకు. పడవ ఊళ్ళో ఉన్న మొదటి రోజునే డిగ్లీపూర్ వెళ్ళిపో. బడి సంగతి తరువాత చూసుకోవచ్చు.

ఆ అధ్యాయం క్లాసులో ఎందుకు చెప్పడం లేదని నువ్వు అడగలేదు, నేనే చెబుతున్నాను. ఎమర్జెన్సీ వచ్చాక, ఈ సంవత్సరానికి వదిలేయమని పైనుంచి చెప్పారు. వదిలేశాను. ఎందుకని కూడా అడగలేదు. సభ ముందు నిలబడి అడిగే హక్కు గురించి ఇరవై ఏళ్ళు పాఠం చెప్పినవాణ్ణి.

కృపానందం.


కొత్తరేవు,
2 జులై 1976.

అన్నయ్యా,

బిడ్డ దక్కలేదు. నేను బతికి ఉన్నాను. ముందే రాయవలసింది, రాయలేకపోయాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను. మరొకరి నోట వినడం కంటే నీకు అదే మంచిది.

జూన్ రెండో శనివారం కమిటీ కూర్చుంది. అప్పలకొండ గారు పట్టుబట్టి, కాంట్రాక్టరు దగ్గర నుంచి పడవను ముందు రోజే వెనక్కి తెప్పించారు. అవిశ్వాసం ముగ్గురు ఇద్దరుగా నెగ్గింది. సత్యారావు గారు గొడవ పడలేదు. ఇంటికి వెళ్ళి ఇంజను హ్యాండిలు తెచ్చి నూకయ్య తాత ముందు పెట్టి, "మీ పడవ మీరు సూసుకోండి" అని వెళ్ళిపోయాడు. కొత్తవాడెవరన్న దగ్గర ఆ ముగ్గురికీ పడలేదు. సోమవారానికి వాయిదా వేశారు.

అప్పుడు నూకయ్య తాత ఒడ్డుకు వెళ్ళి పడవను ఇసక మీదికి లాగించాడు. చుక్కాని ఊడదీసి, పసుపు గుడ్డ చుట్టి, గంగమ్మ పాకలో పెట్టాడు. "తండేలు దిగిన పడవ నీరు తాకకూడదు. కొత్తోడు కొబ్బరికాయ కొట్టినాకే" అన్నాడు. ఎవరికీ వింతగా తోచలేదు. మన విశ్వాసులు కూడా పడవ లాగడానికి చెయ్యి వేశారు. నాకూ ఏమీ తోచలేదు అన్నయ్యా. వరండాలో కూర్చుని చూస్తూనే ఉన్నాను.

మరునాడు ఆరాధనలో, రెండో కీర్తన దగ్గర నొప్పి మొదలైంది.

ఊరంతా ఒడ్డుకు వచ్చింది. ఎవరూ రాకుండా ఉండలేదు. ఆయన సత్యారావు గారి చేతులు పట్టుకుని, "భయ్యా, హ్యాండిలు తీసుకో. ఇవాళొక్క రోజు నువ్వే తోలు" అని అడిగాడు.

"నాకు పంతం నేదు రాజబాబూ" అని సత్యారావు గారు ఏడ్చాడు. "పంతమే ఉంటే ఇక్కడికొద్దునా? దిగినోడి సెయ్యి పడితే పడవకి కీడు. ఉత్తప్పుడైతే నా పేనం పోయినా ఎక్కుదును. కడుపుతో ఉన్న ఆడకూతుర్ని ఏసుకుని ఆ పని నాను సెయ్యలేను."

"పాతవాడే చూడాలని మా అన్నయ్య రాశాడు" అని చాప మీద నుంచి అరిచాను. కాసులమ్మ పరుగున వెళ్ళి నీ ఉత్తరం తెచ్చింది. గణేశ్వరరావు గారు అందరికీ వినపడేలా చదివాడు. రాయకపోయినా మనుషులు పాటిస్తారు అన్న మాట దగ్గర ఆగాడు. అప్పలకొండ గారు, "ఇది మన రూల్సులో ఉందా అమ్మా?" అని అడిగారు. వెటకారంగా కాదు. ఉంటే బాగుండునన్న ఆశతో అడిగారు. లేదన్నాను.

"రాసింది ఒకటుంటే దానికి కట్టుబడతాం. రాయంది మాకూ ఒకటుంది కదమ్మా" అని నూకయ్య తాత అన్నాడు.

కమిటీ అక్కడే ఇసకలో కూర్చుంది. అప్పలకొండ గారి పేరు వచ్చింది, కుదరలేదు. నూకన్న పేరు వచ్చింది, కుదరలేదు. "బేగి తేల్చండిరా, అమ్మాయి పోయేలా ఉంది" అని కాసులమ్మ తిడుతూనే ఉంది. చివరికి, కమిటీలో లేకపోయినా, అందరూ నూకయ్య తాత పేరే ఒప్పుకున్నారు. తాత కొబ్బరికాయ కొట్టాడు. చుక్కాని తెచ్చి బిగించారు. మన ఇంట్లో ఆయన ఇంజను తిప్పాడు, ఒక్క తిప్పుకే పలికింది. అప్పటికి నీరు తీసేసింది. రేవు నోట్లో ఇసకతిన్నె పైకి తేలింది. పోటు తిరిగేదాకా పడవ కదలలేదు.

బిడ్డ పడవలోనే పుట్టింది. ఆడపిల్ల. ఏడవలేదు. ఆ తర్వాత నన్ను డిగ్లీపూర్ చేర్చారు కాబట్టి నేను మిగిలాను.

వదిన పంపిన నీలం గుడ్డలోనే చుట్టారు. వదినకు ఆ మాట ఇప్పుడే చెప్పకు.

నీ జూన్ ఆరో తేదీ ఉత్తరం దాని తరువాత వచ్చింది.

దయావతి.


డిగ్నాబాద్,
19 జులై 1976.

దయా,

ఓదార్చే అర్హత నాకు లేదు. తెలిసినది మాత్రం రాస్తాను.

నీకు అప్పటికి రెండేళ్ళు, గుర్తుండదు. భీమిలి దగ్గర తాతయ్య చనిపోయిన రోజున ఆయన పడవను ఒడ్డుకు లాగి, చుక్కానికి పసుపు గుడ్డ చుట్టి ఇంట్లో పెట్టారు. కొత్త తండేలు వచ్చేదాకా ఎవరూ ఆ పడవ మీద చెయ్యి వేయలేదు. ఆ వారం ఇంట్లో గంజి తాగాము. ఆ పడవ పక్కనే నేను ఆడుకున్నాను. ఆ తరువాత నాన్న బాప్తిస్మం తీసుకున్నాడు, ఇక్కడికి వచ్చాము, నేను చదువుకున్నాను. ప్రభుత్వం లేని క్షణమంటూ ఉండదన్న ఆనవాయితీని పుస్తకంలో నేర్చుకున్నాను. తండేలు లేని పడవ కదలదన్న ఆనవాయితీ అంతకుముందే చూసి ఉన్నాను. రెండూ నాకు తెలుసు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడవలసిన రోజున చూడలేదు. రాయకపోయినా మనుషులు పాటిస్తారని నీకు రాశాను. నిజమే, పాటించారు. వాళ్ళది వాళ్ళు పాటించారు.

కాసులమ్మ గారు అడిగినప్పుడు రాయవలసిన వాక్యం ఇది: "అధ్యక్షుడు పదవి కోల్పోయినను, నూతన అధ్యక్షుడు ఎన్నికగువరకు, ఐదవ నియమము క్రింద పడవను నడుపు బాధ్యత అతనిదే." రాయడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు.

మీ వదిన ఈ ఓడకు బయలుదేరుతున్నది. నీ దగ్గర నెల రోజులు ఉంటుంది. గుడ్డ సంగతి నేనే చెప్పాను. దాచి ఉంటే అక్కడికి వచ్చి నిన్ను అడిగేది. నేను రావడం లేదు. సెలవు దొరకక కాదు, అడగలేదు. కొన్నాళ్ళకు వస్తాను.

వేళకు తిను. వర్షంలో బడికి నడవకు. నన్ను నిందించాలనిపిస్తే నిందించు, మనసులో పెట్టుకుని కృశించకు.

అన్నయ్య.


కొత్తరేవు,
11 నవంబరు 1976.

అన్నయ్యా,

వదిన వెళ్ళాక ఇన్నాళ్ళూ రాయలేదు. కోపం కాదు. రాయడానికి ఏమీ మిగలలేదు.

నువ్వు పంపిన వాక్యాన్ని సభలో చదివాను. ఎవరూ కాదనలేదు, ఎవరూ అవుననలేదు. నూకయ్య తాత "మంచిదమ్మా" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన అధ్యక్షుడిగా ఒక్క మాట కూడా చెప్పలేదు. ఎవరైనా పడవ అడిగితే కళ్ళు మూసుకునేవాడు. ఇంకొకరు ఆ పదవికి ఒప్పుకోలేదు, అప్పలకొండ గారు కూడా.

చివరికి పద్నాలుగు గడపలవాళ్ళూ కలిసి తహసీల్దారుకు అర్జీ పెట్టుకున్నారు. నేనే రాశాను. "మాలో మాకు పొసగుట లేదు. దయచేసి పడవకు ప్రభుత్వమువారే ఒక మనిషిని నియమింపవలెను" అని. అప్పలకొండ గారి సంతకం పక్కనే సత్యారావు గారి సంతకం. ఇన్నాళ్ళలో ఆ ఇద్దరూ ఒప్పుకున్నది అదొక్కటే. మనిషిని వేశారు. పడవ ఇప్పుడు ఏరియల్ బేలో ఉంటుంది, గురువారాలు మా ఊరికి వస్తుంది. మిగిలిన రోజుల్లో ఎవరికేమి జరిగినా గురువారం దాకా ఆగాలి. ఆ మనిషి ఎవరికి జవాబు చెప్పాలో మాకు తెలియదు, మేము అడగలేదు. ఇది అధ్యక్ష పద్ధతా, పార్లమెంటరీ పద్ధతా అని నిన్ను అడగను. ఇది మనం పెరిగిన పద్ధతే.

మన ఊరివాళ్ళే ఎంచుకుంటున్నారని నువ్వు రాశావు గుర్తుందా? ఎంచుకున్నారు అన్నయ్యా. ఎంచుకునే పని తమకు వద్దని ఎంచుకున్నారు.

నువ్వు లెక్క కట్టే ఉంటావు, నేను మాత్రం పైకి రాయనిది ఒకటి ఉంది. అవిశ్వాసంలో మూడో ఓటు ఆయనది. శనివారం సాయంత్రమే నాకు తెలుసు, వరండాలో నుంచే చూశాను. నీకు రాస్తే నువ్వు ఆయనను తప్పు పడతావని రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను, ఎందుకంటే నువ్వు తప్పంతా నీ మీద వేసుకున్నావు, ఆయన తన మీద వేసుకున్నాడు. మీ ఇద్దరి మధ్య నాకు ఏడవడానికి కూడా చోటు లేదు.

సత్యారావు గారంటే ఆయనకు ప్రాణం. ఇద్దరూ ఒకే ఓడలో ఈ ద్వీపాలకు వచ్చారు. అయినా చెయ్యి ఎత్తాడు. ఎందుకని వినాయకచవితి నాడు, ఊరంతా ఒడ్డున ఉంటే మేమిద్దరమే ఇంట్లో ఉన్నప్పుడు అడిగాను. "అతను ఉంటే పడవ మళ్ళీ కాంట్రాక్టరు దగ్గరికి పోద్ది దయా. నీకు నొప్పులొచ్చే యేళకి పడవ ఊళ్ళో ఉండాలని ఎత్తాను" అన్నాడు.

ఆయన ఇప్పుడు ఇంజను ముట్టడు. అవతలి ఊరి తోటల్లో కూలికి వెళ్తున్నాడు. నిన్న అన్నం తింటూ, "మీ అన్నయ్య పుస్తకాల్లో దీనికి ఏదైనా ఉందా?" అని అడిగాడు. లేదన్నాను. ఉంటే నువ్వు రాసేవాడివి.

నువ్వు రావాలనుకుంటే రా. ఆయనతో ఏమీ మాట్లాడనక్కరలేదు, పక్కన కూర్చుంటే చాలు. పడవ దిగాక ఒడ్డు వెంట కాకుండా అడవి దారిన ఇంటికి రా. ఆయన నీకు ఎదురొస్తాడు, ఆ ఒడ్డు వైపు మాత్రం చూడలేడు.

ఆయన కోరుకున్నట్టే, ఆ రోజు పడవ ఊళ్ళోనే ఉంది.

నీ చెల్లెలు,
దయావతి.